మన ఉపాధ్యాయుడు ఎందుకు అలసిపోయాడు?

(జాతీయ విద్యా దినం సందర్భంగా బోధన్‌లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మసీదు కమిటీల సభ్యులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నవంబర్ 11. స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినం. 2008 నుంచి ఈ రోజును జాతీయ విద్యా దినంగా జరుపుకుంటున్నాము. "మన పిల్లలు ఎందుకు చదవడం లేదు?" అనే విషయంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. 1989 నుంచి 2019 వరకు ముప్పై సంవత్సరాలు ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ పాఠశాలల్లో గణితం బోధించాను. ఆ ప్రశ్నను ఉపాధ్యాయుల గదిలో కూర్చుని నేనూ కొన్ని వందలసార్లు వేసి ఉంటాను. అయితే ఆ ప్రశ్నకు పక్కనే మరో ప్రశ్న ఉంది. దాన్ని మనం సభల్లో అడగము. మన పిల్లలకు చదువు చెప్పే మనిషి ఎందుకు అలసిపోయాడు? ఎందుకు విసిగిపోయాడు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని నా నమ్మకం. ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను. ఆ తరువాతే ఇతరుల తప్పులు ఎంచే అర్హత నాకు వస్తుంది.

అది 2016–17 విద్యా సంవత్సరం. తొమ్మిదో తరగతి. హాజరు పట్టికలో 54 పేర్లు. తరగతి గదిలో ముప్పై మంది ఉంటే ఆ రోజు మంచి రోజు. పాఠ్యప్రణాళిక ప్రకారం నేను బహుపదులు చెప్పాలి. పిల్లల్లో సగం మందికి మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో భాగించడం రాదు. వెనుక వరుసలో గోడ పక్కన ఒక అబ్బాయి కూర్చునేవాడు. అతని తండ్రి ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీల మీద పనిచేసి, ఆ పని పోయాక దినకూలీకి వెళ్తున్నాడు. మొదట్లో నేను ఆ అబ్బాయిని రోజూ ప్రశ్న అడిగేవాడిని. జవాబు వచ్చేది కాదు. జవాబు రాకపోతే నాకు కోపం వచ్చేది. కోపం వస్తే ఆ పీరియడంతా పాడయ్యేది. దసరా సెలవుల తరువాత నేను అతన్ని అడగడం మానేశాను. అతన్నే కాదు, వెనుక రెండు వరుసలనూ వదిలేశాను. ముందు కూర్చున్న పన్నెండు మందికి పాఠం చెప్పి, బోర్డు తుడిచి, బయటికి వచ్చేవాడిని. నాకు ప్రశాంతంగా ఉండేది. సంక్రాంతి దాటేసరికి ఆ అబ్బాయి బడికి రావడం మానేశాడు. హాజరు పట్టికలో వరుసగా గైర్హాజరు గుర్తులు పెట్టుకుంటూ పోయాను. ఒక్కరోజు కూడా అతని ఇంటికి వెళ్ళలేదు. ఆ ఇల్లు బడి నుంచి పది నిమిషాల నడక.

ఆ సంవత్సరం నాకు ఏమైందో అప్పుడు నాకు తెలియదు. తరువాత చదివి తెలుసుకున్నాను. 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో ఉత్సాహంగా చేరిన స్వచ్ఛంద సేవకులు కొంతకాలానికి నీరసించిపోవడం గమనించి ఆ స్థితికి 'బర్నౌట్' అని పేరు పెట్టాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. అందులో మూడు లక్షణాలు ఉన్నాయి. మొదటిది మనసు ఎండిపోవడం. రెండవది ఎదుటి మనిషిని మనిషిగా చూడటం మానేయడం. మూడవది తాను చేసే పనికి విలువ లేదన్న భావన. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వర్గీకరణలో చేర్చింది. వ్యాధిగా చేర్చలేదు. పనిచేసే చోటు నుంచి పుట్టే స్థితిగా చేర్చింది. ఈ తేడా మనకు చాలా ముఖ్యం. దోషం మనిషిలో మాత్రమే ఉంటే మనిషిని మారిస్తే సరిపోతుంది. దోషం పనిచేసే చోటులో ఉంటే మనిషిని ఎన్నిసార్లు మార్చినా కొత్తగా వచ్చినవాడు కూడా కొన్నాళ్ళకు అలాగే తయారవుతాడు.

ఆ మూడు లక్షణాలూ నాలో ఉన్నాయి. వెనుక రెండు వరుసలు నాకు పిల్లలుగా కనిపించడం మానేశాయి. ఈ సభలో ఉన్న ఉపాధ్యాయుల్లో కొందరు తల దించుకున్నారు, గమనించాను. తల దించుకోవలసిన అవసరం లేదు. ఎందుకిలా అయిందో కలిసి చూద్దాం.

సోదరులారా, మనం కూర్చున్న ఈ ఊరి సంగతే తీసుకుందాం. 1931లో మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయింది. ఆ నీటితో చెరకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. శక్కర్‌నగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటని మన పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా, గుమాస్తాగా, తూకం దగ్గర రాసేవాడిగా, సీజన్ కూలీగా మన ఇళ్ళ నుంచి ఎంతోమంది పనిచేశారు. నా తొలి ఉద్యోగ సంవత్సరాల్లో ఏ పిల్లవాడినైనా "ఎందుకు చదువుతున్నావు?" అని అడిగితే "ఫ్యాక్టరీలో ఉద్యోగానికి" అనేవాడు. పదో తరగతి, ఐటీఐ, ఫ్యాక్టరీ. ఆ దారి అతని కళ్ళముందు ఉండేది. క్రషింగ్ కాలంలో పొగ గొట్టం బడి నుంచే కనిపించేది. నేను భిన్నాలు చెబుతూ చెరకు తూకం లెక్క ఇస్తే తరగతి మొత్తం చేతులెత్తేది.

2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూతపడ్డాయి. ఎవరు తెరుస్తారు, ఎప్పుడు తెరుస్తారు అన్న చర్చ రాజకీయ వేదికల మీద నేటికీ సాగుతూనే ఉంది. ఆ చర్చలోకి నేను వెళ్ళను. ఉపాధ్యాయుడిగా నేను చూసినది మాత్రం చెబుతాను. ఫ్యాక్టరీ మూతపడిన తరువాతి సంవత్సరం నుంచి "ఎందుకు చదువుతున్నావు?" అన్న ప్రశ్నకు నా తరగతిలో జవాబు రావడం ఆగిపోయింది.

ఆ పిల్లవాడి వైపు నుంచి లెక్క వేయండి. అతని అన్న డిగ్రీ పూర్తి చేసి ఆటో నడుపుతున్నాడు. పదో తరగతి తప్పిన మేనమామ గల్ఫ్ నుంచి ప్రతి నెలా డబ్బు పంపిస్తున్నాడు. వెల్డింగ్ షాపులో చేరిన స్నేహితుడికి వారం వారం చేతికి డబ్బు వస్తోంది. ఈ మూడు ఉదాహరణలు చూసిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఏ నిర్ణయానికి వస్తాడు? మనం దాన్ని 'ఆసక్తి లేకపోవడం' అంటున్నాము. అతనికి అది తన కళ్ళముందున్న లెక్కకు వచ్చిన జవాబు. ఆ లెక్కలో తప్పు ఉంది. గల్ఫ్‌లో కూడా చేతిలో సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఒక జీతం, లేని హెల్పర్‌కు ఒక జీతం. ఆ తప్పును చూపించవలసినవాడిని నేను. "మీరు బాగుపడరు" అని తిట్టి నా గంట ముగించాను.

ఇక మన అమ్మాయిల మాట. నిజామాబాద్ మొహల్లాల్లో, బోధన్‌లో ఎన్ని ఇళ్ళు బీడీల మీద నడుస్తున్నాయో మీకు చెప్పనవసరం లేదు. నిజామాబాద్‌లో పనిచేసిన ఒక సహోపాధ్యాయురాలు నాతో చెప్పిన సంగతి ఇది. ఎనిమిదో తరగతిలో ఐదారుగురు అమ్మాయిలు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోయేవారు. ఆమె మొదట్లో నిలబెట్టి శిక్షించింది. ఒక రోజు ఒక అమ్మాయి వేళ్ళ కొనలు చూసింది. రాత్రి తల్లితోపాటు కూర్చుని ఆకు కత్తిరించి, జర్దా నింపి, దారం చుట్టి, లెక్క పూర్తి చేసి, పొద్దున్నే ఖార్ఖానాలో అప్పగించి ఆ అమ్మాయి నేరుగా బడికి వస్తోంది. తల్లి పేరు మీద ఉన్న కార్డు నిలవాలంటే లెక్క తగ్గకూడదు. ఆ ఉపాధ్యాయురాలు చేసిన పని చిన్నది. డిక్టేషన్, పరీక్షలు మధ్యాహ్న భోజనం తరువాతికి మార్చింది. మొదటి పీరియడ్‌లో కథ చదివి వినిపించేది. ఆ తరువాత తల్లులను పిలిచి, పరీక్షల నెలలో మాత్రం అమ్మాయిల చేతికి చాట ఇవ్వవద్దని ప్రాధేయపడింది. కొందరు విన్నారు, కొందరు వినలేదు. విననివారిని ఆమె నిందించలేదు. వారి పూట ఎలా గడుస్తుందో ఆమెకు తెలుసు. ఆమె నాకంటే తక్కువ అలసిపోయిందని చెప్పను. అయితే ఆమె కారణం వెతికింది. నేను నేరస్థుణ్ణి వెతికాను.

ఇప్పుడు బడి లోపలికి వద్దాం. ఉపాధ్యాయుడిని అలసిపోయేలా చేసే పరిస్థితులు కనీసం నాలుగు ఉన్నాయి.

మొదటిది ఖాళీలు. ఉర్దూ మాధ్యమ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినా అన్నీ భర్తీ కావు. ఎస్సీ, ఎస్టీ వర్గాలకు రిజర్వు అయిన ఉర్దూ మాధ్యమ పోస్టులకు ఉర్దూలో అర్హత ఉన్న అభ్యర్థులు దొరకక ఆ పోస్టులు మిగిలిపోతాయి. తరువాతి నోటిఫికేషన్‌కు జమ అవుతాయి. మళ్ళీ మిగులుతాయి. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రిజర్వేషన్ మన దళిత, ఆదివాసీ సోదరుల హక్కు. మనకు 2007 నుంచి ఉన్న బీసీ-ఇ కోటా కూడా ఆ సామాజిక న్యాయ పోరాటం నుంచి వచ్చినదే. వారి వాటా ఒక్కటి కూడా తగ్గకూడదు. అందువల్ల మన డిమాండ్ ఇలా ఉండాలి: భర్తీ కాని ఆ పోస్టులకు సమాన సంఖ్యలో తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో వారికి పోస్టులు ఇవ్వండి, ఉర్దూ పోస్టులను అర్హులతో భర్తీ చేయండి. ఈ కోరికను వారి సంఘాలతో కలిసి అడిగితే ఎవరికీ నష్టం లేదు, ఎవరి మీదా అనుమానం రాదు. అంతవరకు ఖాళీల భారం ఉన్న ఉపాధ్యాయుల మీదే పడుతుంది. గణితం మాస్టారు భౌతికశాస్త్రం చెబుతాడు, ఉర్దూ పండితుడు సాంఘికశాస్త్రం చెబుతాడు. ఒకప్పుడు విద్యా వాలంటీర్లు ఉండేవారు. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడినప్పుడు వారి సేవలూ ఆగిపోయాయి.

రెండవది బోధనేతర పనులు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్ళకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయుడిని పంపకూడదు. ఆచరణ ఎలా ఉందో చూడండి. 2024 నవంబరులో రాష్ట్రంలో ఇంటింటి సర్వే జరిగినప్పుడు ప్రాథమిక ఉపాధ్యాయులు గణకులుగా వెళ్ళారు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. ఆ సర్వే అవసరమైనదే. మన వెనుకబాటు లెక్క తేలాలని మనమే అడిగాము. కానీ ఆ లెక్క తీసే పని వల్ల పోయిన చదువు లెక్క ఎవరు తీశారు? చట్టం అనుమతించిన ఎన్నికల విధి సంగతి కూడా నిజామాబాద్ వారికి బాగా గుర్తుంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా మన నియోజకవర్గంలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో చివరి ఎన్నికల విధి అదే. దేశమంతా మెచ్చుకుంది. మరుసటి రోజు తరగతి గదిలో మా పరిస్థితి ఎవరూ అడగలేదు.

మూడవది భాష. మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. వీధిలో తెలుగు మాట్లాడతాడు. ప్రాథమిక తరగతుల్లో భాగహారాన్ని 'తక్సీమ్' అని, భిన్నాన్ని 'కసర్' అని, త్రిభుజాన్ని 'ముసల్లస్' అని నేర్చుకుంటాడు. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది, ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు రావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. నేను దానికి అడ్డు చెప్పను. కానీ 'ముసల్లస్' అని నేర్చుకున్న పిల్లవాడికి ఒక్కసారిగా 'ట్రయాంగిల్' అంటే, అతను ముసల్లస్‌నూ మరచిపోతాడు, ట్రయాంగిల్‌నూ పట్టుకోలేడు. ఒకప్పుడు ఇదే హైదరాబాదు రాజ్యంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. 1918లో అది మొదలైనప్పుడు శాస్త్ర గ్రంథాలను అనువదించడానికి ప్రత్యేక విభాగమే ఉండేది. ఈ రోజు ఒక జిల్లాలోని ఉర్దూ బడుల కోసం గణిత పదాల చిన్న పట్టిక, మూడు భాషల్లో, గోడకు తగిలించేది, మనం తయారు చేసుకోలేమా? దానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

నాలుగవది అన్నిటికంటే పెద్దది. తరగతికీ, పిల్లవాడి స్థాయికీ మధ్య అంతరం. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చినప్పుడు పిల్లవాడిని అదే తరగతిలో ఆపకూడదన్న నియమం వచ్చింది. ఫెయిల్ చేసి బయటికి గెంటే పద్ధతి కంటే అది మంచిదే. కానీ ఆ చట్టమే పిల్లవాడికి అదనపు బోధన అందాలని, ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు, ప్రాథమికోన్నత స్థాయిలో 35 మందికి ఒకరు ఉండాలని కూడా చెప్పింది. మొదటి నియమం అమలైనంత శ్రద్ధగా మిగిలినవి అమలు కాలేదు. ఫలితంగా రెండో తరగతి స్థాయిలో ఆగిపోయిన పిల్లవాడు తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చుంటాడు. అర్థం కాని మాటలు రోజుకు ఆరేడు గంటలు వినమంటే పెద్దవాళ్ళమైన మనమే కూర్చోలేము. వాడు పక్కవాడితో మాట్లాడతాడు, కిటికీలోంచి చూస్తాడు, ఒక రోజు లేచి వెళ్ళిపోతాడు. మనం "క్రమశిక్షణ లేదు" అంటాము.

2016లో రాష్ట్రంలో 71 మైనారిటీ గురుకులాలు మొదలై, తరువాత 204కు పెరిగాయి. అవి మన సమాజానికి గొప్ప మేలు చేశాయి. పేద ఇళ్ళ అమ్మాయిలు హాస్టల్లో ఉండి చదవడం నా తరంలో ఊహించనిది. కానీ పరిణామం ఒకటి గమనించాలి. దరఖాస్తు పెట్టే తల్లిదండ్రులు, పట్టుదల ఉన్న పిల్లలు అటు వెళ్ళగా, ఎవరూ పట్టించుకోని పిల్లలు మొహల్లా బడిలో మిగిలారు. ఆ బడి ఉపాధ్యాయుడి పని రెట్టింపు అయింది. గుర్తింపు సగమైంది.

ఇంతవరకు వ్యవస్థ దోషాలు చెప్పాను. మన దోషం ఒకటి మిగిలింది. అది చెప్పకుండా దిగితే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది.

"ఈ జాతి బాగుపడదు." ఈ మాట నేను బయటివారి నోట కంటే మనవాళ్ళ నోటే ఎక్కువగా విన్నాను. ఉపాధ్యాయుల గదిలో విన్నాను, టీ హోటల్లో విన్నాను, పెళ్ళి పందిట్లో విన్నాను. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6–14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారు లేదా మధ్యలో మానేసినవారు. ఆ అంకెను మనమందరం ఉపన్యాసాల్లో చెబుతాము. అదే నివేదిక మరో సంగతి చెప్పింది. మదర్సాలకు వెళ్ళేది సుమారు 3 శాతం పిల్లలు మాత్రమేనని, ముస్లిం తల్లిదండ్రులు ఆధునిక విద్యకు వ్యతిరేకులు కారని, అందుబాటులో మంచి బడి లేకపోవడమే పెద్ద అడ్డంకి అని చెప్పింది. రెండవ సంగతిని మనం మరచిపోతాము. ఉపాధ్యాయుడే తన పిల్లల గురించి "వీళ్ళు ఇంతే" అని నమ్మితే ఆ నమ్మకం అతని గొంతులో, చూపులో, ప్రశ్న అడిగే వరుసలో బయటపడుతుంది. పిల్లలు దాన్ని పాఠం కంటే ముందే నేర్చుకుంటారు.

నాకు ఇది ఎలా తెలుసో చెబుతాను. పదవీ విరమణ తరువాత, 2022 వేసవిలో మా ఇంట్లో ఏసీ చెడిపోయింది. బాగుచేయడానికి ఒక యువకుడు వచ్చాడు. నన్ను చూసి సలాం చేశాడు. నేను గుర్తుపట్టలేదు. పని మొదలుపెట్టాడు. గేజి చూసి గ్యాస్ ఒత్తిడి లెక్క కట్టాడు, పైపు పొడవు కొలిచి నోటితోనే ఖర్చు చెప్పాడు. తప్పు లేదు. టీ ఇస్తూ "ఎంతవరకు చదివావు బేటా?" అని అడిగాను. "తొమ్మిదిలో మానేశాను సర్. మీ క్లాసే" అన్నాడు. గోడ పక్కన కూర్చున్న ఆ అబ్బాయి.

ఎందుకు మానేశావని అడిగాను. నాన్నకు పని లేదు, ఇంట్లో ఇబ్బంది అన్నాడు. కాసేపు ఆగి, ఏ కోపమూ లేకుండా, "సర్, మీరు తిట్టినన్నాళ్ళు నేను బడికి వచ్చాను. అడగడం మానేశాక, నేను వచ్చినా రాకపోయినా ఒకటే అనిపించింది" అన్నాడు.

సోదర సోదరీమణులారా, ముప్పై సంవత్సరాల సర్వీసులో నాకు శాలువాలు కప్పారు, ప్రశంసాపత్రాలు ఇచ్చారు. నా పని గురించి నాకు అందిన నిజమైన నివేదిక ఆ ఒక్క మాటే. తిట్టడం మంచిదని నేను అనడం లేదు. ఆ పిల్లవాడు తిట్టులో కూడా తనను ఎవరో లెక్కపెడుతున్నారని వెతుక్కున్నాడు. అంత తక్కువతో సరిపెట్టుకున్న పిల్లవాడికి అది కూడా నేను ఇవ్వలేకపోయాను.

ఏమి చేయాలి? నాలుగు వర్గాల వారికి నాలుగు మనవులు.

ఉపాధ్యాయ మిత్రులారా, మీకు మొదటి మనవి. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి నాకు తెలుసు. అయినా రోజుకు ఒక పీరియడ్ తరగతిని పక్కనపెట్టి, స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టండి. ఆరో తరగతివాడైనా తొమ్మిదో తరగతివాడైనా భాగహారం రానివారంతా ఒక చోట. ప్రథమ్ సంస్థ దేశంలో ఎన్నో చోట్ల ఈ పద్ధతిలో పనిచేసింది. 2022లో మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు 'తొలిమెట్టు' వచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే. పిల్లవాడు ఒక మెట్టు ఎక్కడం కళ్ళారా చూస్తే మీ అలసట కూడా తగ్గుతుంది. ఉపాధ్యాయుడికి జీతం తరువాత అంతటి ఊరట ఇచ్చేది అదే. రెండవది, మీ అలసటను దాచుకోకండి. నెలకోసారి నలుగురు ఉపాధ్యాయులు కూర్చుని, ఫిర్యాదుల కోసం కాకుండా, "ఈ నెల ఏ పిల్లవాడిని వదిలేశాము?" అన్న ఒక్క ప్రశ్న మీద మాట్లాడుకోండి. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే ఆ పది నిమిషాల దూరం నడిచేవాడినేమో.

తల్లిదండ్రులకు రెండవ మనవి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది సభ్యులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. అది మీ హక్కు. సంతకం పెట్టడానికి మాత్రమే వెళ్ళకండి. ఎన్ని పోస్టులు ఖాళీ ఉన్నాయి, ఎన్ని రోజులు మాస్టారు వేరే పనికి వెళ్ళారు, నా బిడ్డకు చదవడం వచ్చా రాదా అని అడగండి. బడికి వెళ్ళినప్పుడు కోపంతోనే వెళ్ళవలసిన అవసరం లేదు. బిడ్డకు ఒక లెక్క వచ్చిన రోజున కూడా వెళ్ళి మాస్టారుకు ఆ మాట చెప్పండి.

మసీదు కమిటీలకు, యువకులకు మూడవ మనవి. కేరళలో మలప్పురం జిల్లా ఒకప్పుడు పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో అట్టడుగున ఉండేది. ఈ శతాబ్ది మొదట్లో అక్కడి జిల్లా పంచాయతీ 'విజయభేరి' అనే పథకం చేపట్టింది. వెనుకబడిన విద్యార్థులకు అదనపు తరగతులు, తల్లిదండ్రుల సమావేశాలు, ఉపాధ్యాయులకు తోడ్పాటు కలిపి నడిపింది. కొన్ని సంవత్సరాల్లో ఆ జిల్లా తలెత్తుకుంది. ముస్లింలు అధికంగా ఉన్న జిల్లా అది. మన దగ్గర మగ్రిబ్, ఇషా నమాజుల మధ్య గంటకు పైగా సమయం ఉంటుంది. మసీదు పక్కన ఒక గది, ఒక బల్బు, ఇద్దరు డిగ్రీ చదివే యువకులు చాలు. అమ్మాయిలకు ఒక ఇంట్లో ఒక బాజీ చాలు. ఆ యువకులకు కొద్దిపాటి పారితోషికం కూడా ఇవ్వండి. ఉచిత సేవ ఎంతకాలం నిలుస్తుందో ఫ్రాయిడెన్‌బర్గర్ యాభై ఏళ్ళ క్రితమే చూశాడు.

హక్కుల కార్యకర్తలకు నాలుగవ మనవి. మన వినతిపత్రాల్లో స్కాలర్‌షిప్పులు ఉంటాయి, భవనాలు ఉంటాయి. ఉపాధ్యాయుడి పని పరిస్థితి ఉండదు. ఇకనుంచి చేర్చండి. జిల్లాలో ప్రతి ఉర్దూ బడిలో మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎంతమంది అని సమాచార హక్కు చట్టం కింద అడిగి, బడివారీగా ప్రకటించండి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగం 350-ఎ అధికరణలో ఏర్పాటు చేయమంది. ఉపాధ్యాయుడు లేని మాతృభాషా బడి ఆ అధికరణను నెరవేర్చినట్టు కాదు.

చివరిగా ఒక్క మాట. బద్ర్ యుద్ధంలో బందీలుగా పట్టుబడినవారిలో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు పదేసి మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల పొందారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పది మంది పిల్లలకు అక్షరం నేర్పడం ఒక మనిషి స్వేచ్ఛకు సమానమైన మూల్యం అని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నిర్ణయించారు. మన ఉపాధ్యాయుడి ముందు యాభై మంది కూర్చుంటున్నారు. అతని పని విలువ ఎంతో మీరే లెక్క వేయండి. వెనుక వరుసలో కూర్చున్న పిల్లవాడి విలువ ఎంతో ఉపాధ్యాయులు లెక్క వేయండి.

ఆ అబ్బాయి ఇప్పుడు నిజామాబాద్‌లో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాడు. గత ఏడాది ఓపెన్ స్కూల్లో పదో తరగతికి దరఖాస్తు చేశాడు. శుక్రవారం సాయంత్రాలు మా ఇంటికి వస్తాడు. మొన్న బహుపదులు మొదలుపెట్టాము. అతనికి రాని చోట ఆగి, మళ్ళీ అడుగుతున్నాను.

 అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, వారికి నేర్పేవారికి అలసిపోని హృదయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.